కొమురవ్వ ఇంటి మీద చావు దరువు

నా చెయ్యికి గీ గుడ్డపేలిక ఎందుకని మీరు రెండు వారాల సంది అడుగుతాన్రు. పొయ్యి కాడ కాలిందని చెప్పిన. అబద్ధం. ఇంకొకలు చెప్తె మీరు వినేకన్న నేనే చెప్పుకునుడు మేలు. ఇల్లు అంటుకున్నదని నేను ఊరిని పిలిస్తే, ఊరంత ఇంటికొక కట్టె పట్టుకొని వచ్చింది. నీళ్లు కాదు, కట్టె. తప్పు ఊరిది కాదు, పిలిచినోనిది. చాయ్ సల్లారుతది, తాగుకుంట వినుండ్రి.

ఎండకాలం మొదలుకాంగనే మన ఆఫీసుకు సర్క్యులర్ వచ్చింది గద. బ్లాకుల ఊర్లన్నిటికి దాని నకళ్లు రాసింది నేనే. గుడిసెలున్న ఊర్లల్ల ఇంటి ముంగట నీళ్ల కుండ పెట్టాలె. గాలి దినాలల్ల పొద్దెక్కినంక బయట మంట పెట్టొద్దు. అగ్గి పడితె ఊరందరికి తెలిసేటట్టు గంటనో డప్పో ఉండాలె. దాన్ని ఒకసారి పరీక్షించి రిపోర్టు పంపాలె. గిదే ముచ్చట ఇరవై రెండు సార్లు రాసిన. మా ఊరి నకలు మాత్రం టపాల ఎయ్యలే. చేతుల పట్టుకొని నేనే పోయిన. పాయింటు తొడుక్కొని, సర్కారు కాయిదం తీసుకొని సొంతూరికి పోవాల్నని నాకు శాన దినాల ఆశ.

సర్పంచు పటేలు కాయిదం చూసి, "గంటెందుకురా రాములూ, మీ నాయిన ఉండంగ" అన్నడు. నిజమే. మా నాయిన ఊరి డప్పు. పెండ్లికొక దరువు, చావుకొక దరువు, చాటింపుకొకటి, అగ్గి పడితె ఇంకొకటి. అగ్గి దరువు ఇనవడ్డదంటె తినేటోడు కంచం ఇడిసి ఉరుకుతడు. ఎక్కడ ఏం పట్టుకొని పోవాల్నో ఎవలు ఎవలిని అడగరు. నలభై ఏండ్ల సంది గట్లనే నడుస్తాంది.

పరీక్ష ఐతారం నాడు పెట్టుకుందమన్న. సోమారం రిపోర్టు ఇయ్యాలె గద. తీరా ఐతారం పొద్దున లేచి చూస్తే నాయిన లేడు. మోత్కూరుల పెండ్లున్నదని మేళంతోని ఎల్లిపోయిండు, సాయంత్రం గాని రాడు. ఇంట్ల మూలకు పాత డప్పు ఒకటి వేలాడుతాంది. అవ్వ, అంటె మా అమ్మ, "నాయిన వచ్చినంక చూసుకోరాదు" అన్నది. "రిపోర్టు ఆగదు" అన్న. పొద్దు నెత్తిమీదికి వచ్చినంక డప్పు తీసుకొని ఎల్లిన.

తోలు సల్లగుంటే డప్పు పలకదు. కొట్టే ముందు దాన్ని గడ్డి మంట మీద కాపాలె. ఇది మా ఇంట్ల పుట్టిన ఎవనికైనా తెలుసు. ఆనాడు పడమటి గాలి ఇసురుతాంది. మంట నిలువడానికి జర మరుగు కావాలె. ఊరికి మా వాడకు నడుమ కొమురవ్వ ఇల్లుంటది. దాని ఎనుకగోడ మరుగున కూసోని, ఎండుగడ్డి కుప్ప పోసి, అగ్గిపుల్ల గీసిన.

చూరు నా నెత్తికి మూరెడు దూరంల ఉన్నది. బోదగడ్డి కప్పు, రెండేండ్ల కిందిది, ఎండి గలగల అంటాంది. గాలి దినం, పొద్దెక్కింది, బయట మంట. ఇరవై రెండు సార్లు చేత్తోని రాసిన మాట, ఒక్కసారన్న నెత్తికెక్కలే.

కొమురవ్వ సంగతి చెప్పాలె. గొల్లోల్ల ముసలమ్మ. మొగడు పోయి ఇరవై ఏండ్లాయె, పిల్లలు లేరు. నాలుగు మేకలున్నయి. మేకలు పొద్దున మందల పోతే, వాటి పిల్లలను ఇంట్ల గంప కింద మూసి పెడ్తది. ఆనాడు గంప కింద ఐదు పిల్లలు, పుట్టి పది దినాలు కూడ కాలే. అవే ఆమె తిండి, అవే ఆమె బట్ట. ముచ్చట పెట్టాల్నన్నా వాటితోనే పెడ్తది.

తోలు కాగుతాంది. పుల్లతోని ఒకసారి కొట్టి చూసిన, మంచిగ పలికింది. సంబురమైంది. ఇంతల గాలి మళ్లి గోడ పక్కపొంటి ఒక్క ఇసురు ఇసిరింది. కాలే గడ్డిపోచలు మీదికి లేచినయి. నేను డప్పు దిక్కే చూస్తాన. పైన చిటపట అన్నప్పుడు తలకాయ ఎత్తిన.

చూరు అంటుకున్నది.

ముంగటికి ఉరికిన. వాకిట్ల నీళ్ల కుండ ఉన్నది, సర్క్యులర్‌ల చెప్పినట్టే. ఒంచి చూస్తే ఖాళీ. దాన్ని నింపుదామనే ముసలమ్మ వాగుల చెలిమెకు పోయింది. తలుపుకు గొళ్లెం పెట్టి ఉన్నది. లోపటికెల్లి మేకపిల్లల అరుపులు. "అగ్గి, అగ్గి" అని మొత్తుకున్న. మిట్టమధ్యాహ్నం, ఎండకు తలుపులు ఏసుకొని ఊరంత పండుకున్నది, ఎవలు రాలే. నా చేతుల డప్పున్నది. కొట్టిన.

మీకొకటి చెప్పలే. నాయిన నన్ను చిన్నగున్నప్పుడు రెండేండ్లు ఎంట తిప్పి డప్పు నేర్పిండు. నేర్చుకునేటోన్ని పెండ్లికి తీసుకపోరు. చావు కాడికి తీసుకపోతరు. ఆడ చెయ్యి తప్పినా అడిగేటోడు ఉండడు, ఎవల ఏడుపు వాళ్లది. తర్వాత నన్ను బడికి పంపిండు. గట్ల నాకు మంచిగ వచ్చిన దరువు ఒక్కటే. కండ్లల్ల పొగ నిండుతాంటె, చేతులు వాటికి వచ్చిందే కొట్టినయి. ఏం కొడుతున్ననో నాకు సోయి లేదు. గట్టిగ కొడుతున్న అనుకున్న, అంతే.

పక్కపొంటి ఉండే సత్తెమ్మ ఇంట్లకెల్లి ఏడుపు లేచింది. "ఓ కొమురవ్వా, మమ్ముల ఇడిసి పోతివా, మొన్న నా మనుమనికి మేకపాలు పోస్తివి గద అవ్వా" అని రాగం తీస్తాంది. నాకు సమజ్ కాలే. ఇల్లు కాలితె గిట్ల ఏడుస్తరా అనుకున్న.

ఇంక ఒక్కొక్క తలుపు తెరుసుకున్నది. ఉరుకుడు లేదు. మొగోళ్లు రుమాలు నెత్తికి సుట్టుకొని, తలకాయ ఒంచుకొని, మెల్లగ నడిసి వస్తాన్రు. ఒక్కొక్కరి బుజం మీద ఒక కట్టె. తుమ్మ మొద్దు ఒకరిది, యాపకొమ్మ ఒకరిది. చావు దరువు ఎవల వాకిట్ల మోగితె చావు ఆ ఇంట్లనే, మా దిక్కు చావంటె కాష్టానికి ఇంటికొక కట్టె ఇయ్యాలె, మీకు తెలువంది కాదు. పొగ కనవడలేదా అంటరు. కనవడ్డది. చావైన ఇంటి ముంగట నిప్పు పెడ్తరు గద, గదే అనుకున్నరు. మంట ఎనుకదిక్కు ఉన్నది, వాళ్లు ముంగటిదిక్కుకెల్లి వస్తాన్రు.

ముందుగాల మల్లయ్య తాత వచ్చిండు. కట్టె గోడకు ఆనిచ్చి, రుమాలు తీసి, మెల్లగ అడిగిండు. "ఎప్పుడైందిరా?"

"ఇప్పుడే తాతా."

"బాధ పడ్డదా?"

"తాతా, మేకపిల్లలు లోపలున్నయి."

"ఆఁ, వాటి మీదనే పాణం ఉండె పాపం" అని కండ్లు తుడుసుకున్నడు.

గప్పుడు నా చేతుల దరువు నా చెవుల పడ్డది. పుల్లలు కింద పడేసిన. "సచ్చింది ఎవలు లేరు, ఇల్లు కాలుతాంది" అని అరిచిన. అదే గడియల ఎనుకదిక్కు మంట ఇంటి కొప్పు మీదికెక్కి అందరికి కనవడ్డది.

ఊరు ఊరే. తెలిసినంక ఒక్క చనం ఆగలే. ఆ కట్టెలే తీసుకొని కప్పు మీదికి పొడిచి, కాలేదాన్ని కిందికి గుంజిన్రు. కట్టె తేకుంటె పొడిచేతందుకు ఏముండె చెప్పుండ్రి. కానీ నీళ్లు లేవు. మా వాడ దగ్గర, కుండలు మా ఇండ్ల ముంగట నిండి ఉన్నయి. మా అవ్వ, మా వదినె, వాడ ఆడోళ్లందరు కుండలు ఎత్తుకొని వచ్చిన్రు. వేరే దినమైతె ఆ కుండ ఆ వాకిట్లకు పోదు. ఆనాడు పటేలు జీతగాడు మా అవ్వ చేతులకెల్లి కుండ గుంజుకొని పోసిండు. ఎవలు ఏమనలే.

నేను గొళ్లెం తీసిన. గడప కాడ కాలు ఆగింది. మావోళ్లు ఆ గడప ఎన్నడు దాటలే. ఎంతసేపు ఆగిందంటె చెప్పలేను, ఆగింది మాత్రం నిజం, దానికి ఇప్పటికి సిగ్గనిపిస్తది. లోపట మళ్లొకసారి అరిసినయి. దండెం మీద తడి గొంగడి ఉంటే కప్పుకొని పోయిన. గంప మీద నిప్పులు రాలుతున్నయి. దాన్ని చేత్తోని ఎత్తి ఇసిరిన, చెయ్యి గప్పుడే కాలింది. నాలుగు పిల్లలను గొంగడిల ఏసుకొని బయటికొచ్చిన. ఐదోది పొయ్యి ఎనుక దాసుకున్నది. మళ్ల పోయి, కాలు పట్టుకొని గుంజుకొచ్చిన. ఒళ్లంత మసి, పాణం ఉన్నది.

మంట ఆరేసరికి సగం కప్పు పోయింది. అందరం మసి మొహాలతోని నిలవడ్డం. సత్తెమ్మ ఇంక ఎక్కెక్కి ఏడుస్తనే ఉన్నది, మొదలువెట్టిన ఏడుపు మధ్యల ఆగదు గద. గప్పుడు బాట మీద కొమురవ్వ కనవడ్డది. నెత్తిమీద కడవ, మెల్లగ వస్తాంది. వాకిట్ల ఊరంత ఉన్నది, గోడ పొంటి కట్టెలు పడి ఉన్నయి, ఆడోళ్లు ఏడుస్తాన్రు. కడవ దించి, "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది.

సత్తెమ్మ ముక్కు తుడుసుకొని, "నువ్వే అవ్వా" అన్నది.

కొమురవ్వ కప్పు దిక్కు చూసింది. చూసి, ముందుగాల పిల్లల కాడికి పోయి, ఒక్కొక్కదాన్ని తడిమింది. ఐదు. గప్పుడు కూలవడి ఏడ్చింది. నాకు భూమి పలిగితె బాగుండు అనిపించింది. పోయి ముంగట కూసున్న. "నేనే అంటుపెట్టిన అవ్వా. డప్పు కాపుకుంట అంటుపెట్టిన" అన్న.

మనుషులు తలా ఒక మాట అన్నరు. పటేలు, "అగ్గి పడకుంట చూడమని కాయిదం తెచ్చింది నువ్వే గదరా" అన్నడు. తలకాయ ఒంచుకున్న. కొమురవ్వ మాత్రం తిట్టలే. తిట్టినా బాగుండు.

సాయంత్రం నాయిన వచ్చిండు. వాడ మొదట్లనే ఎవలో చెప్పిన్రు. ఇంట్లకు రాకుంట కొమురవ్వ ఇంటికి పోయి, సుట్టు తిరిగి చూసి వచ్చిండు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలే. పాత డప్పు అందుకొని అగ్గి దరువు పుల్లతోని నాలుగు సార్లు మెల్లగ ఏసి, "గిది" అన్నడు. పక్కింట్లకెల్లి ఒకడు చెంబుతోని బయటికి ఉరికొచ్చిండు. అంత మెల్లగ కొట్టినా వచ్చిండు. నాయిన డప్పు మూలకు పెట్టి, "చావు దరువు మాత్రం మంచిగ కొట్టినవట. ఒక్కనికి అనుమానం రాలే అంటున్రు" అన్నడు. మెచ్చుకున్నడా, ఏడ్చిండా, నాకిప్పటికి తెలువదు.

తెల్లారి సోమారం మీ అందరి ముంగటనే రిపోర్టు రాసిన. "పరీక్షించడమైనది, గ్రామస్తులందరు హాజరైనారు." ఒక్క అచ్చరం అబద్ధం లేదు.

కప్పు ఎయ్యాల్సింది నేనే గద. ఐతారం ఐతారం గందుకే ఊరికి పోతాన. కట్టెలకు మాత్రం ఎతుకులాడలే. చావుకని ఎత్తిన కట్టెను ఎవలు మళ్ల ఇంట్లకు తీసుకపోరు, అరిష్టం. అన్ని గోడకే ఉన్నయి. సక్కగున్నవి ఏరి వాసాలు ఏసిన. కొమురవ్వ కింద కూసోని ఒక్కొక్క కట్టె చూసి, ఇది ఎవలిది, అది ఎవలిది అని అడుగుతది. నిన్న నేను కొప్పు కడుతాంటె, మేకపిల్లను ఒడిల పెట్టుకొని అడిగింది.

"సత్తెమ్మ నిజంగనే ఏడ్చిందారా?"

"నిజంగనే అవ్వా. మేకపాలు పోసినవని ఏడ్చింది."

"రెండు దినాలే పోసిన" అన్నది. కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. "నాకెవలున్నరు, నేను పోతె ఎవలొస్తరు అనుకుంట ఇన్నేండ్లు పండుకున్న బిడ్డా. ఇంటికొక కట్టె వచ్చింది." మళ్ల కట్టెల దిక్కు చూసి, "బాలయ్య ఇంటికెల్లి రాలే" అన్నది.

"బాలయ్య ఊర్ల లేడు అవ్వా."

"పెండ్లామున్నది గద."

నేను వాసం మీద కూసోనే నవ్విన. రెండు వారాలల్ల నవ్వుడు గదే మొదలు. ఆమె నవ్వలే. మీదికి చూసి, సక్కగ చెప్పింది.

"రాములూ, నేను నిజంగ పోయిననాడు నువ్వు డప్పు ముట్టకు బిడ్డా, మీ నాయినను కొట్టమను. నువ్వు కొట్టినవనుకో, ఊరంత నీళ్ల కుండలు పట్టుకొని ఉరికొస్తరు. నన్ను కాలనియ్యరు."

సరే అవ్వా అన్న.