రెండు కంప్యూటర్ల నడుమ నెమలి కొంగు

మొన్న మా మరిది కూతురు కొత్త కంప్యూటర్ కొనుక్కొచ్చి, వాళ్ళ నాయన ఎప్పుడో రాసిన చీరల డిజైన్ ప్రోగ్రాంను అందులోకి ఎక్కించి, నేనిచ్చిన టీ చల్లారకముందే తెర మీద నెమలి కొంగును చూపించింది. ఇంత సులువైన పని కోసమా ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించనిది అనుకున్నాను. నా వయసువాళ్ళకైతే ఈ సంగతి చెప్పుకోవచ్చు.

నేను చదివింది అయిదో తరగతి. గార్లదిన్నె పక్క పల్లెలో, వానల కోసం ఎదురుచూసే సేద్యగాళ్ళ ఇంట పుట్టి, ధర్మవరంలో మగ్గాల ఇంటికి కోడలిగా వచ్చాను. ఇక్కడివాళ్ళు ఎదురుచూసేది చిల్లుల అట్టల కోసం. పువ్వు ఎక్కడ లేవాలో, నెమలి తోక ఎక్కడ వంగాలో మగ్గానికి చెప్పేవి అవే. గళ్ళ కాగితం మీద బొమ్మ గీయించి, అట్టలకు చిల్లులు కొట్టించడానికి మాకు పని ఇచ్చే సావుకారు బెంగుళూరుకు పంపేవాడు. అనంతపురంలో కంప్యూటర్ చదివిన మా మరిది, బొమ్మను చిల్లుల లెక్కగా మార్చే ప్రోగ్రాం రాసి, ఆ పనిని ఇంటికి తెచ్చుకున్నాడు.

మా ఇంటి కంప్యూటర్లో అది చక్కగా నడిచేది. సావుకారు అంగడిలో పెట్టించిన కంప్యూటర్లో మాత్రం ఆపరేటింగ్ సిస్టం వేరు కావడంతో తెరుచుకోనే లేదు.

“ఏమప్పా, మీ ఇల్లు దాటితే నోరు పెగలదా దానికి?” అన్నాడట సావుకారు.

రోషం కొద్దీ మరిది అంగడి కోసం ఇంకో ప్రోగ్రాం రాశాడు. అలా కాపీలు రెండయ్యాయి. ఒకదాంట్లో ఏది దిద్దినా రెండోదాంట్లోనూ దిద్దాలి. నెమలి మెడ దగ్గర దారం నేతలో కలవకుండా మరీ పొడుగ్గా పైన తేలుతోందని మా ఆయన అంటే, మరిది ఇంటి కాపీలో సరిచేసి, అంగడి కాపీ సంగతి మరిచాడు. ఒక పెళ్ళి చీరకు అట్టలు అంగడిలోనే కొట్టారు. నేసిన కొంగుకు సావుకారు తన ఉంగరం తగిలించి, లేచొచ్చిన దారాన్ని లాగి చూపించాడు.

“ఇంగొకసారి ఇట్లయితే డిజైన్లన్నీ బెంగుళూరుకే. నువ్వు గూడా ఆడికే పొయ్యి ఉద్యోగం చూసుకో.”

మరిది ఇంట్లో ఉంటాడా, ఊరు వదులుతాడా అన్నది ఇక తర్వాతి చీర మీద ఆధారపడింది. మా అత్త పైకి మాత్రం “పోతే పోనీలే, ఒక తట్ట కడిగేది తప్పుతాది” అంది గానీ, ఆ పూట తానే అన్నం తట్ట ముందు కూర్చోలేదు.

ఆ వారమే మా ఆయన మగ్గం మీది అట్టలను పక్క వీధిలోని చిన్నమామ మగ్గానికి మార్చవలసి వచ్చింది. మా ఇళ్ళల్లో ఒక వాడుక ఉంది. మగ్గం మారితే దారాలు కట్టే తీరును ఆ మగ్గానికి తగ్గట్టు మార్చుకుంటారు. అట్టల్లో ఒక్క చిల్లునూ ముట్టుకోరు. పుట్టినప్పటి నుంచీ ఇది చూసిన మరిది, అన్నతో కలిసి అట్టలు మోస్తూ వీధి మధ్యలో నిలబడిపోయాడు.

“నడువురా, ఊరేగింపు అనుకుంటాండావా?” అని మా ఆయన కసిరాడు.

ఇంటికొచ్చి రెండు కాపీలనూ పక్కన పెట్టి, ఒక్కటే రాయడం మొదలుపెట్టాడు. బొమ్మ లెక్కంతా ఒకచోట. ఫైలు ఎక్కడుంది, తెర మీద ఎట్లా చూపాలి లాంటి, కంప్యూటర్ను బట్టి మారే సంగతులన్నీ విడిగా ఒక చిన్న ముక్కలో.

“వదినా, ఇవి అట్టలు, ఇది దారాలు కట్టే చోటు. ఇన్నాళ్ళూ రెండిట్నీ కలిపి కుట్టేసినా,” అని నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

తర్వాతి చీరకు ఇంట్లో ఒక జత, అంగడిలో ఒక జత అట్టలు కొట్టించి, ఒకదాని మీద ఒకటి పెట్టి సావుకారు ఎదుటే ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. ప్రతి చిల్లులోంచీ వెలుతురు వచ్చింది.

“సరేప్పా, ఈడనే ఉండు,” అన్నాడు సావుకారు. మా అత్త ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆ తర్వాత ఆ ప్రోగ్రాం వేరే ఊళ్ళ అంగళ్ళకూ పోయింది, ఎన్నో కంప్యూటర్లు మారాయి. మారినప్పుడల్లా ఏదో ఒక ఊరి అంగడి నుంచి మనిషి వచ్చేవాడు. మరిది వెళ్ళి ఆ చిన్న ముక్క దిద్ది, ఆ ఊరి కబుర్లు మోసుకొచ్చేవాడు. ఇప్పుడు ఆ ముక్కలు కూడా తయారుగానే దొరుకుతున్నాయట. ప్రోగ్రాం ఫోన్లోనే ఊరూరూ పోతోంది, దాని వెంట మనిషి పోనక్కర్లేదు. మరిది ఊరు వదలకూడదని మేమందరం కోరుకున్నాం, వదల్లేదు. ఆయన కోసం వచ్చే మనుషులు కూడా ఇట్లా ఆగిపోతారని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు.