సున్నమేసిన పలక

అబద్ధాలు చెప్పి అక్షరాలు నేర్పడం నాకు అలవాటు. మా పాలమూరు గాలికి అక్షరం ఎగిరిపోకుండా కింద కట్టిన రాయే ఒత్తు అంటాను. ఒత్తు మరిచిన పిల్లవాడి పలక ఒకటి జడ్చర్ల నుంచి లేచి కొత్తకోట దాకా ఎగిరిపోయిందనీ, దాన్ని నేనే బస్సెక్కి పోయి తెచ్చాననీ చెబుతాను. పిల్లలు నమ్మరు. కానీ ఒత్తు మరవరు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండ దిక్కున ఒక చేనేత ఊరి బడిలో మూడో తరగతికి చెప్పేదాన్ని. ఒకరోజు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పిల్లలను పలకలు తీయమని, "జొన్నరొట్టె" రాయమన్నాడు. అందరూ రాశారు. ముందు వరుసలోని ఒక పిల్ల మాత్రం బలపాన్ని అడ్డంగా పట్టుకుని పలకంతా తెల్లగా రుద్దుతూ కూర్చుంది.

"గిదేంది మేడం? రాయమంటే పలకకు సున్నమేస్తాంది! ఈ పిల్లను ఒకటో తరగతిల కూసోబెట్టుండ్రి."

తరగతంతా నవ్వింది. ఆ పిల్ల బలపం ఆగిపోయింది. ఒకటో తరగతిలో ఆమె తమ్ముడున్నాడు. వాడి పక్కన కూర్చోవడం కంటే ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టుకోవడమే నయమనుకునే రోషం ఆమెది. అక్కడికి పంపితే మర్నాటి నుంచి బడి ముఖం చూడదు.

నా నోరు ఊరుకోలేదు. "కొత్త పద్ధతి సార్. జడ్చర్ల దిక్కు బళ్లల్ల అందరు గిట్లనే రాస్తుండ్రు. మీకు చెప్పలేదా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆఁ, విన్న, విన్న. అయినా గీమె ఒకటిలకే పోవాలె."

ఇక కథలు పనికిరావని పలక అందుకుని గుమ్మం వెలుగులో ఎత్తి పట్టాను. తెల్లని పూత నడుమ, బలపం తగలకుండా వదిలిన నల్లని జాగాలో, జొన్నరొట్టె. రెండు ఒత్తులూ వాటి చోట్లలోనే ఉన్నాయి.

"గిట్లెందుకు రాసినవ్ బిడ్డా?"

"మా నాయిన నూలుకు గట్లనే చేస్తడు టీచర్. రంగు అంటొద్దన్న కాడ దారంతోని కడ్తడు. అద్దకమయినంక విప్పితే పువ్వు కనవడ్తది."

సారు పలకను చూశాడు గానీ మాట వదల్లేదు. "పరీక్షల గిట్ల రాస్తే మార్కులు ఎవరిస్తరు?"

"నేనిస్త సార్. అందరి లెక్క రాసుడు గూడ నేనే నేర్పుత. గని ఈ పిల్ల గీ జాగ ఇడిసి కదలదు. నా మీద రాస్కుంటరా, రాస్కోండ్రి."

రాసుకున్నాడు. ఈ టీచర్ చెప్పిన మాట వినదని రాసి, నాకు వినబడేట్టు చదివి మరీ పోయాడు. చదవడంలో ఒక్క తప్పు కూడా లేదు, మెచ్చుకోవాల్సిందే.

మా తరగతి తలుపు మీద నల్లరంగు పూసిన చెక్క ఒకటి ఖాళీగా ఉండేది. సారు బండి ఇంకా గేటు దాటకముందే ఆ పిల్లను కుర్చీ ఎక్కించి, సుద్దముక్క చేతికిచ్చి, "మూడో తరగతి" అని రాయమన్నాను.

"ఎట్ల రాయాలె టీచర్?"

"నీ ఇష్టం."

ఆమె ఒకసారి గేటు వైపు చూసి, సుద్దను అడ్డంగా పట్టుకుంది.