చిన్న ప్లేయరు వద్దన్న నా తమ్ముడు

ఈస్టరు పోయినాక వచ్చిన బుధవారం, పగలు పదకొండు గంటలు. మార్కాపురం బస్టాండు వెనక సందులో టీవీలు, మిక్సీలు, గోడ గడియారాలు అమ్మే దుకాణం ఒకటుంది. నేను మోసపోయింది ఆ రోజు, ఆ గంటకే. టైము ఎట్ల గుర్తుందంటే, అమ్మకానికి తగిలించిన గడియారాలన్నీ ఒకటెనక ఒకటి మోగినాయి. నా తమ్ముడు చెప్పే మాట వాటి మోతలో వినబడక మళ్ళా చెప్పించుకున్నా. రెండోసారి విని తలూపినా.

నాకు తిప్పి చెప్పడం రాదు. పలకల ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు బిగించి బిగించి, నలభై దాటినాక రాత్రిబడిలో అదే పలక మీద అక్షరాలు దిద్దినదాన్ని. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తా.

మా ఆయన సంఘంలో పాటలు పాడేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టినాక పాస్టరయ్య ఇంటికొచ్చి, ఆయన పాటలన్నీ ఫోన్లో పట్టి, పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చినారు. అన్నీ దేవుని పాటలే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి నా మీద కట్టింది. నేను రాత్రిబడికి పొయ్యే రోజుల్లో నన్ను ఉడికించడానికి కట్టినాడు.

"అ రాయమంటే అలిగెనమ్మా నా ఆడది, బలపం ఇరగ్గొట్టి పొయ్యిలో ఏసెనమ్మా..."

ఇట్ల పోతుంది. చివర్లో, మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను పిలిచే పేరు ఒకటి వస్తుంది. అది ఇక్కడ రాయను. పాట అయిపోయినాక ఆయన ఆయాసపడుతూ అన్నాడు, "అయ్యా, ఇది మందిరానికి కాదు, ఇంట్లోకి." పాస్టరయ్య నవ్వినారు. మంచం పట్టె మీద కూర్చొని నా తమ్ముడు కూడా నవ్వినాడు. వాడు విన్నాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆయన పోయినాక నాకు ఒకటే కోరిక. పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించేటప్పుడు ఆయన గొంతు వినాల. ఎవర్నీ బతిమాలకుండా, నా చేత్తో నేనే పెట్టుకొని వినాల. ఇంట్లో టీవీ ఉంది. దానికి తగిలించేది ఏదన్నా కావాల. నా తమ్ముడు త్రిపురాంతకంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, వానికి తెలుసు గదా అని వెంటబెట్టుకొని పోయినా. పెన్‌డ్రైవును చెంగున ముడేసుకున్నా.

దుకాణం శెట్టి అరచెయ్యంత పెట్టె తీసినాడు. టీవీకి తగిలించి, నా పెన్‌డ్రైవు దాని పక్కన గుచ్చి, రిమోటు నా చేతికిచ్చినాడు.

"పెద్దమ్మా, ఇది నొక్కితే పాడుతుంది. ఇది నొక్కితే ఆగుతుంది. ఈ బాణం నొక్కితే తరవాత పాటకు పోతుంది. అంతే."

నొక్కినా. దుకాణం నిండా మా ఆయన గొంతు. శెట్టి పెళ్ళాం గల్లాపెట్టె దగ్గర చేస్తున్న పని ఆపి, "ఎవరమ్మా, ఇంత బాగా పాడుతున్నాడు?" అనింది.

"ఇదే ఇయ్యి," అన్నా.

"ఆగక్కా," అన్నాడు నా తమ్ముడు. వాడు వచ్చిందగ్గర్నుంచి ఇంకో మూల నిలబడి, టీవీకి తగిలించే కంప్యూటరును ముందూ వెనకా చూస్తున్నాడు. "ఆ ప్లేయరు ఎన్నాళ్ళుంటుంది? పెన్‌డ్రైవు పోతే బావ గొంతు పోయినట్టే. దీంట్లో అయితే లోపల భద్రంగా ఉంటాది. దీంట్లో సినిమా, టీవీ, లోకమంతా వస్తుంది."

"ఆమెకు లోకం ఎందుకప్పా? పాటలేగా కావాల్సింది. చిన్నది చాలు," అన్నాడు శెట్టి.

అప్పుడే గడియారాలు మోగినాయి. నా తమ్ముడు నా చెవి దగ్గరికి వంగినాడు. "అక్కా, తక్కువ సరుకును శెట్టి పొగుడుతున్నాడంటే ఏంది? అది అమ్ముడుపోని సరుకు. నీ నెత్తిన రుద్దుతున్నాడు."

మా పక్క ఎవరినడిగినా ఇదే చెప్తారు. ఎక్కువది కొనమనే దుకాణదారును నమ్మొచ్చు, తక్కువది చాలనేవాణ్ణి నమ్మగూడదంటారు. శెట్టి పరాయోడు. వీడు నా చంకన పెరిగినోడు. తలూపినా.

కంప్యూటరు ఇంటికొచ్చింది. వీడే తగిలించి, పెన్‌డ్రైవులోని పాటలు దాంట్లోకి మార్చినాడు. దాంతో వచ్చిన అక్షరాల పలక తెచ్చి ముందర పెడితే, నేను నేర్చుకున్న అక్షరం ఒక్కటీ దాని మీద లేదు.

"నాకెట్ల రా?"

"నేనున్నా గదక్కా. రోజూ వస్తా."

వచ్చినాడు, అబద్ధమెందుకు. రోజూ సాయంత్రం వచ్చినాడు. ఒక్కడే కాదు, చుట్టుపక్కల ఊర్ల ఆటోవోళ్ళు, ట్రాక్టరోళ్ళు వెంట వచ్చినారు, పాటలు ఎక్కించుకోడానికి. మెమొరీ కార్డులు, డబ్బులు వాని చేతికిచ్చి నా అరుగు మీద కూర్చునేవాళ్ళు. నేను టీ పెట్టిచ్చేదాన్ని. అక్కను చూడ్డానికి తమ్ముడు రోజూ వస్తున్నాడని ఇరుగమ్మతో గొప్పగా చెప్పుకున్నా గూడా. నా పాట సంగతి ఎత్తితే, "ఈ కార్డు ఒక్కటి కానీ అక్కా," అనేవాడు. ఆ కార్డు అయ్యేది గాదు.

వానలు మొదలైనాక ఒకరోజు త్రిపురాంతకం పోదామని ఆటో ఎక్కినా. మిరప నాట్లకు పొయ్యే ఆడోళ్ళతో ఆటో కిటకిటలాడుతుంది. డ్రైవరు పాట పెట్టినాడు.

"అ రాయమంటే అలిగెనమ్మా నా ఆడది..."

మా ఆయన ఆయాసం గూడా వినబడతా ఉంది. ఆడోళ్ళందరూ కలిసి అందుకున్నారు, వాళ్ళకు నోటికొచ్చేసింది. చివర్న ఆ పేరు వచ్చేసరికి ఒకామె పక్కామెను గిల్లి అదే పేరుతో పిలిచింది. అందరూ పకపకా నవ్వినారు.

"ఎక్కడిది నాయనా ఈ పాట?" అన్నా.

"మీ తమ్ముడే ఎక్కించినాడు పెద్దమ్మా. మా స్టాండులో అందరూ ఇదే అడుగుతున్నారు. పాడింది ఎవురో గానీ, పెళ్ళాం అంటే పడి చచ్చేవాడే!"

సగం దారిలో దిగి, తడుస్తా ఇంటికి నడిచినా.

ఆ సాయంత్రం నా తమ్ముడు అరుగెక్కకముందే అడిగినా. "ఆ పాట ఎందుకిచ్చినావు రా?"

"నలుగురు వింటే తప్పేందక్కా? బావకు పేరే గదా."

"దేవుని పాటలు ఊరంతా పంచు, నేనేమన్నా అంటినా? అది ఇంట్లోకి అని ఆయన చెప్తుంటే నువ్వు మంచం మీదే ఉంటివి గదరా!"

"ఉంటి. అయితే? మంచి పాట. దానికోసమే వస్తున్నారు జనం."

"దానికేనా నాతో కంప్యూటరు కొనిపించింది?"

వాడు తల దించుకుంటాడనుకున్నా. దించలే. "మరి నువ్వు ఆ చిన్న ప్లేయరు కొనుంటే నాకేమొచ్చేది అక్కా? అంగట్లో పెట్టుకోడానికి నాకు ఎవురు కొనిచ్చేది?"

నేను ఎత్తుకొని పెంచినోడు ఆ మాట అన్నాడు. శెట్టి పరాయోడు నా తరఫున మాట్లాడినాడు, నావోడు తన తరఫున మాట్లాడుకున్నాడు.

"నా పాటలన్నీ మళ్ళా పెన్‌డ్రైవులో ఎక్కించి నా చేతిలో పెట్టు. నీ కంప్యూటరు నువ్వు ఎత్తకపో," అన్నా. ఎక్కించినాడు, ఎత్తకపోయినాడు. వైర్లు చుట్టుకుంటా ఒక్కసారన్నా నా మొగం చూడలే.

మర్నాడే మార్కాపురం బస్సెక్కి అదే దుకాణానికి పోయి ఆ చిన్న ప్లేయరే తెచ్చుకున్నా. ఇప్పుడు పొద్దున్నే పొయ్యి ముట్టించి నా చేత్తో నేనే నొక్కుతా. దేవుని పాటలన్నీ వింటా. ఆ ఒక్కటి వచ్చేసరికి బాణం నొక్కుతా. అది వింటే ఇప్పుడు ఆయన గొంతు వినబడదు, ఆటోలో ఆడోళ్ళ నవ్వు వినబడుతుంది. ఆ పేరుతో నన్ను పిలిచేవాడు ఒక్కడుండె. ఇప్పుడు ఎవురు ఎవురినన్నా పిలుస్తున్నారు.

ఆ బుధవారం దుకాణంలో ఉన్నోళ్ళు వీళ్ళు: చిన్నది చాలన్న శెట్టి, గల్లాపెట్టె దగ్గర ఆయన పెళ్ళాం, నేను, నా చెంగు ముడిలో మా ఆయన. ఇంకా నా తమ్ముడు.