మీ స్కూటరు అడ్డంగా ఉంది

ఇరవై రెండేళ్ళు సినిమాహాల్లో పనిచేసి ఒక్క సినిమా కూడా చూడని మనిషి టార్చిబావ. వచ్చినవాళ్ళకి టార్చి వేసి సీట్లు చూపించడం ఆయన ఉద్యోగం. అందరూ కూర్చున్నాక తెరకి వీపు పెట్టి, గోడకి ఆనుకుని, జనాన్ని చూసేవాడు. పైన ప్రొజెక్టరు గదిలో ఉండే ఆపరేటరుకి స్వయానా అక్క మొగుడు. బొమ్మ కాస్త మసకబారితే నిద్రపట్టని ఆపరేటరుకి ఇది తలవంపులుగా ఉండేది.

"ఒక్కసారి అటు తిరగవయ్యా బావా! అంత కష్టపడి వేస్తున్నాను."

"నీ బొమ్మ నాలుగాటలూ ఒకటేరా. జనం అలా కాదు."

ఇంటర్వెల్లో టీ తాగుతూ ఆ ఆట సంగతులు చెప్పేవాడు.

"ముద్దుకి ముప్పై ఒక్క దగ్గులు. ఒకాయనైతే కూతురికి సీలింగు ఫ్యాను చూపించి, అదెలా తిరుగుతుందో చెప్పడం మొదలెట్టాడు. తల తెగిపడినప్పుడు ఒక్క దగ్గు లేదు! ఒకావిడ పక్కావిడకి పాప్‌కార్న్ పంచింది."

"ఆ ముద్దప్పుడు ఎవరో సీటు కనపడట్లేదని అరుస్తుంటే టార్చి వెయ్యలేదేం?"

"వేస్తే ఆ తండ్రీకూతుళ్ళు ఇంటికెళ్ళాక మొహాలు చూసుకోవద్దూ? వచ్చినాయన నాలుగు నిమిషాలు నిలబడితే అరిగిపోడు."

అక్కడితో ఆగితే బాగుండేది. తెరమీద కత్తులు లేచాయంటే చాలు, బావ ఏదో ఒక సీటు దగ్గరికెళ్ళి వంగి, "మీ స్కూటరు అడ్డంగా ఉంది, కాస్త బయటికి రండి" అనేవాడు. ఆటోలో వచ్చిన ముసలావిడకీ అదే మాట.

"నాకు స్కూటరెక్కడిది నాయనా?"

"ఎవరిదో చూసి చెబుదురుగాని రండమ్మా."

కాళ్ళు తొక్కించుకున్న పక్క సీట్లవాళ్ళు ఓనరుకి ఫిర్యాదు చేశారు. ఓనరు ఆపరేటరుని పిలిచాడు.

"మధ్యాహ్నం ఆటకి నేనే వచ్చి వెనకవరసలో కూర్చుంటా. మళ్ళీ స్కూటరు అన్నాడో, రేపట్నుంచి రానక్కర్లేదని మీ బావకి నువ్వే చెప్పు."

బావకి చెప్పడం కన్నా అక్కకి చెప్పడం కష్టం. "ఈ ఒక్క ఆటకీ ఆ మాట ఎత్తకు బావా, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలాడు ఆపరేటరు. బావ సరేనన్నాడు.

ఆట మొదలైంది. తెరమీద విలన్ గది తలుపు గడియపెట్టి ఒక అమ్మాయిని జుట్టు పట్టి ఈడుస్తున్నాడు. ముందువరసల్లో ఈలలు. ఆపరేటరు తన కిటికీ కన్నంలోంచి మొదటిసారి బొమ్మని వదిలేసి జనాన్ని చూశాడు. వెనకవరసలో ఓనరు తల పక్కకి తిప్పేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని, సీటు చేతుల్ని విరిగేలా పట్టుకుని ఉన్నాడు. ఈలల మధ్య భయమేస్తోందని లేచి పోగల మగాడెవడు? బావ పిలిచిన స్కూటరువాళ్ళంతా ఇలాంటివాళ్ళేనని ఆపరేటరుకి అప్పుడు తట్టింది.

టార్చి వెలుగు వెనకవరస వైపు కదిలింది.

"వద్దు బావా, వద్దు!" అని పైనుంచి గొణిగాడు.

బావ వంగాడు. "అయ్యా, మీ స్కూటరు అడ్డంగా ఉంది."

ఓనరు వచ్చింది కారులో. అయినా లేచి బయటికి నడిచాడు. బొమ్మ మసకబారి జనం గోల పెట్టేదాకా ఆపరేటరుకి ఒంటిమీద తెలివి లేదు.

ఇంటర్వెల్లో మెట్లమీద ఓనరు మంచినీళ్ళు తాగుతున్నాడు. పక్కనే బావ, చూపు ఎటో పెట్టి నిలబడ్డాడు.

"సార్, మా బావ..." అంటూ ఆపరేటరు పరుగున వచ్చాడు.

"స్కూటరు పక్కకి పెట్టేశాను" అన్నాడు ఓనరు. సీసాకి మూత బిగించి బావ వైపు తిరిగాడు. "రెండో సగంలో మళ్ళీ అడ్డమొస్తుందా?"

"క్లైమాక్సుకి ముందు ఒకసారి వస్తుందండి. నేనొచ్చి చెబుతాగా" అన్నాడు, సినిమా చూడని బావ.