స్టార్టర్‌లో వేపపుల్ల

నారాయణఖేడ్ సర్కారు ఐటీఐలో తల్లిదండ్రుల సమావేశం పెట్టిన రోజున, ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్న సంతోషి తన అత్తను వెంటబెట్టుకుని పోయింది. అప్పటికి సంతోషికి ముప్పై ఒకటి. పాఠం చెప్పే గోవర్ధన్ సారుకు ఇరవై ఏడు. తోటి విద్యార్థులకు పదహారో పదిహేడో.

"తల్లిదండ్రులెవరన్న రావాలంటిరి గద సార్. మా అమ్మ కంగ్టి కాడ ఉంటది, అంత దూరంకెల్లి రాలేదు. అందుకే మా అత్తమ్మను తోల్కొచ్చిన" అంది.

అత్త అమృతమ్మ ముందు బెంచీలో కొంగు సర్దుకుని కూర్చుంది. "మా కోడలు మంచిగ చదువుతుందా సార్? ఇంట్ల అయితే పుస్తకం తెరిస్తే చాలు, కండ్లు మూతలు పడ్తయ్."

గదంతా నవ్వింది. గోవర్ధన్ నవ్వాపుకుంటూ, "పనిల మస్తు హుషారమ్మా. చేతిల పెట్టింది చేసేస్తది. గాని ఎందుకు చేసినవంటే చెప్పదు" అన్నాడు.

"మా ఇంట్ల ఎవ్వరం చెప్పం సార్" అంది అమృతమ్మ.

సంతోషి పదో తరగతి పాసై, పెళ్లయి, మనూర్ దగ్గరి పల్లెకు కోడలుగా వచ్చింది. భర్త బస్వరాజ్ మనూర్ నుంచి ఖేడ్‌కు షేర్ ఆటో నడుపుతాడు. మూడెకరాల చెలకలో ఒక బోరు ఉంది. ఆటో పొద్దంతా రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి బోరు మోటారు సంతోషి పాలబడింది. ఫ్యూజులు వేయడం, తెగిన వైరు కలపడం ఆమెకు చూసి చూసి అలవాటైన పనులు. మోటారు కాలిపోతే మాత్రం ఖేడ్‌కు మోయాలి. అక్కడ రిపేరు దుకాణంలో రెండు మూడు రోజులు వరుసలో ఉండాలి. ఆలోపు మిరప తోట తలవంచేది.

"మనూర్ చౌరస్తల ఒక్క రిపేరు దుకాణం లేదేందయ్యా?" అని ఒకరోజు అడిగింది.

"ఉంటే నీకు చెప్పకుండ దాస్తానే?"

"నేను పెడ్త."

బస్వరాజ్ ఆ మాటను నవ్వులాటగా తీసుకున్నాడు. ఐటీఐకి పై వయసు పరిమితి లేదని ఆటో ఎక్కినవాళ్లెవరో చెబితే ఆమె దరఖాస్తు పెట్టాక నవ్వడం మానేశాడు. చివరికి బోరంచ నల్లపోచమ్మ దగ్గర బోనం దించాక, చెట్టు కింద కోడికూర ఉడుకుతుండగా మాట ఖాయమైంది. రెండేళ్లు. ఒక్కసారే పరీక్ష. పాసైతే చౌరస్తాలో దుకాణం. తప్పితే పుస్తకాలు అటకెక్కుతాయి, మళ్లీ ఆ ఊసు రాకూడదు. అమ్మవారి ముందు అన్న మాట కాబట్టి ఇద్దరికీ కట్టుబాటే.

రెండేళ్లూ భర్త ఆటోలోనే కాలేజీకి వెళ్లింది. గిరాకీ ఎక్కువైతే బస్వరాజ్ పెళ్లాన్ని లేపి, డ్రైవరు సీటు అంచున కూర్చోబెట్టేవాడు. ఆ అంచు మీదే ఆమె పాఠాలు వల్లె వేసింది. "గా ఓమ్స్ లా జరంత మెల్లగ సదువు, హారన్ ఇనొస్తలేదు" అనేవాడు. పిల్లలు క్లాసులో మొదట ఆంటీ అన్నారు, నెలకు అక్కా అన్నారు. డ్రిల్లింగ్ మిషన్ అంటే భయపడిన పిల్లవాడికి ఆమె బిట్టు బిగించి చూపించాక లీడరు చేశారు. గోవర్ధన్ సారు కూడా రెండుసార్లు నోరు జారి సంతోషక్కా అన్నాడు.

ఇక పుల్ల సంగతి చెప్పాలి. బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఉంటుంది. మోటారు మోతాదు మించి కరెంటు లాగితే దానంతటదే ఆపేయడానికి అందులో రిలే అనే చిన్న పరికరం ఉంటుంది. చెలకల్లో అది మాటిమాటికీ ఆపేస్తుంది. అందుకని రైతులు రిలే మీట కదలకుండా పక్కన ఒక పుల్ల దోపుతారు. ఇంటికొక రకం. కొందరు జొన్నసొప్ప, కొందరు విరిగిన దువ్వెన. సంతోషి ఇంట్లో వేపపుల్ల. పొద్దున బస్వరాజ్ పళ్లు తోముకోగా మిగిలిన సగం స్టార్టర్‌లోకి పోయేది. మోటారు ఆగకుండా తిరిగేది, తిరిగి తిరిగి ఏడాదికోసారి కాలేది. కాలడానికీ పుల్లకూ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. రిలే పాఠం చదివిన సంతోషి కూడా అది పుస్తకంలోని రిలే గురించే గాని తమ స్టార్టర్ గురించి కాదనుకుంది.

చివరి ప్రాక్టికల్ పరీక్షకు సంగారెడ్డి నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. నవ్వని మనిషి. సంతోషికి వచ్చిన ప్రశ్న సులువైంది. మూడు ఫేజుల మోటారును స్టార్టర్‌కు కలిపి, లోడు మీద ఐదు నిమిషాలు నడిపించాలి. అందరికంటే ముందు వైర్లు బిగించి, పచ్చ బటన్ నొక్కింది. మోటారు తిరిగింది. నిమిషానికి టక్కున ఆగింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది. పక్క బెంచీల పిల్లలు చూస్తున్నారు. గడియారం చూసుకుంది. ఆ తర్వాత చేసినదానికి ఆమె బుర్రతో పని లేకపోయింది. మూలనున్న చీపురు నుంచి ఒక పుల్ల విరిచి, రిలే పక్కన దోపి, బటన్ నొక్కింది. మోటారు హాయిగా తిరిగింది.

"అయింది సార్" అంది గర్వంగా.

ఎగ్జామినర్ వంగి చూశాడు. "ఇదేమిటి?"

"పుల్ల సార్."

గోవర్ధన్ నుదురు పట్టుకున్నాడు. పిల్లలు నోళ్లు మూసుకుని ఊగిపోతున్నారు.

"ఇది ఏ పాఠంలో ఉంది?"

"మా చెలకల సార్" అంది. అనేశాక గాని తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. అటకా, దాని మీద పుస్తకాలూ కళ్ల ముందు కనబడ్డాయి.

ఆయన మోటారు ఆపేశాడు. "మీ ఇంట్లో ఇట్లా పెట్టి ఎన్ని మోటార్లు కాల్చారు?"

"నాలుగు సార్."

"చదువుకోక ముందా?"

"మూడు ముందు సార్. ఒకటి చదువుకుంట."

ఎగ్జామినర్ మీసం కొంచెం కదిలింది. "పుల్లకు మార్కులు కోస్తాను. ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయి. పుల్ల తీసి, ఎందుకు ఆగుతోందో చెప్పు."

రెండేళ్లుగా గోవర్ధన్ అడుగుతున్న ప్రశ్నే అది. సంతోషి పుల్ల లాగి పారేసింది. మోటారు నడిపి, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో మూడు వైర్లూ ఒక్కొక్కటే పట్టి చూసింది. మూడింటిలోనూ నాలుగున్నర ఆంపియర్లే. మోటారు మీది రేకు చదివింది. ఐదు దాకా లాగవచ్చు. అయితే తప్పు మోటారుది కాదు. రిలే మీద, ఎంత కరెంటు దాటితే ఆపాలో నిర్ణయించే చిన్న డయల్ చూసింది. ముల్లు రెండున్నర దగ్గర ఉంది.

"దీన్ని ఎవరో తగ్గించి పెట్టిండ్రు సార్."

"నేనే పెట్టాను" అన్నాడు ఎగ్జామినర్. "తర్వాత?"

కరెంటు ఆపి ముల్లును ఐదుకు తిప్పింది. మోటారు ఐదు నిమిషాలూ ఆగకుండా తిరిగింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, పాసో ఫెయిలో చెప్పకుండా పక్క బెంచీకి పోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా బోరు దగ్గర ఆటో దిగింది. స్టార్టర్ తెరిచి వేపపుల్ల లాగేసింది. మోటారు రెండు నిమిషాలకే ఆగిపోయింది.

"గదెందుకు తీసినవే? మంచిగ నడుస్తున్నదాన్ని పరేషాన్ చేస్తవ్!" అన్నాడు బస్వరాజ్.

"మంచిగ నడిస్తే నాలుగుసార్లు ఎట్ల కాలె?"

ఆమె కరెంటు పూర్తిగా ఆపి, వైరు పొడవునా చూసుకుంటూ పోయింది. బోరు మూతి దగ్గర పాల కవరు చుట్టిన అతుకు దొరికింది. కవరు విప్పితే మూడు వైర్లలో ఒకటి నల్లగా మాడి, వెంట్రుకంత పట్టుమీద వేలాడుతోంది. అక్కడ కరెంటు సరిగా అందక మిగతా రెండు వైర్ల మీద బరువు పడుతోంది. ఆ అతుకు వేసింది కూడా ఆమే, ఐదేళ్ల క్రితం. మాడినంత కోసి, బిగించి అతుకు వేసి, టేపు చుట్టింది. పుల్ల లేకుండానే చీకటి పడేదాకా మోటారు నీళ్లు పోసింది.

చెలకలో పని ముగించి గట్టు మీద కూర్చుని చూస్తున్న అమృతమ్మ, "ఇగ పాసయినట్టేనా?" అంది.

"కాయితం రావాలె అత్తమ్మా."

నెలకు పైగా పట్టింది. ఆ నెలలో బస్వరాజ్ బోరంచ మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఫలితం గోవర్ధన్ ఫోనులో చెప్పాడు. ప్రాక్టికల్‌లో క్లాసులో అందరికంటే తక్కువ, కాని పాస్. "పుల్లకు బాగనే కోసిండు సంతోషక్కా" అన్నాడు. ఈసారి నోరు జారలేదు, కావాలనే అన్నాడు.

ఇప్పుడు మనూర్ చౌరస్తాలో రేకుల షెడ్డు ఉంది. లోపల దారానికి గుచ్చి వేలాడదీసిన పుల్లలు ఉన్నాయి. వేప, జొన్న, చీపురు, టూత్‌బ్రష్ కాడ, ఒక ప్లాస్టిక్ చెంచా కూడా. పిలిచిన ప్రతి చెలకలోనూ స్టార్టర్ నుంచి ఆమె ముందుగా తీసేది అదే.

మొన్న మొగులప్ప అనే పెద్దమనిషి చెలకలో కందిపుల్ల లాగబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏయ్ బిడ్డా, గది తీస్తే మోటరు ఆగుతది!"

"ఆగనీ మామా" అంది సంతోషి, సంచిలోంచి టాంగ్ టెస్టర్ తీస్తూ. "ఎందుకు ఆగుతుందో చూడనీకే గద వచ్చిన."