నేను రాసిన గొడ్డలి దెబ్బ

1981. అప్పటికి నేను కళ్యాణదుర్గంలో ఒక క్రిమినల్ వకీలు దగ్గర గుమాస్తాగా చేరి ఎనిమిదేళ్ళయింది. వకీలు గుమాస్తా అంటే ఫైళ్ళు మోసేవాడని చాలామంది అనుకుంటారు. మోసేవాళ్ళమే, కాదనను. కానీ మా వైపు ఊళ్ళలో పార్టీ కక్షల కేసు ఏది వచ్చినా, దానికి రూపం వచ్చేది మా వకీలు ఇంటి వసారాలో, నేను కూర్చునే చాప మీద. ఆయన నల్లకోటు వేసుకొని కోర్టులో మాట్లాడేవాడు, మాట్లాడటానికి కావలసిన సరుకు నేను సిద్ధం చేసేవాణ్ణి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు చూసుకొని కాస్త మిడిసిపడేవాణ్ణి కూడా. అందువల్ల ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు ముగిసి పదిరోజులు కూడా కాలేదు. ఒకరోజు పొద్దున కుందుర్పి దిక్కునుంచి ఒక జీపు వచ్చి మా వాకిట్లో ఆగింది. ముందు సీట్లోంచి ఒక ఊరి మాజీ సర్పంచి దిగాడు. ఆ ఎన్నికల్లో ఓడిపోయినవాడు, మాకు పాత క్లయింటు. వెనకనుంచి ఓబులేసు అనే రైతును ఇద్దరు రెక్కలు పట్టుకొని దింపారు. యాభై దాటిన మనిషి. పంచె మోకాళ్ళ దగ్గర నెత్తురు ఎండి అట్టకట్టుకుపోయి ఉంది. అది తనది కాదు, కొడుకుది.

కొడుకు పేరు నాగరాజు, ఇరవై రెండేళ్ళు. ఎన్నికల్లో మాజీ సర్పంచి తరఫున బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. చేసిన తప్పల్లా అదే. ఆ పొద్దు తెల్లవారగానే ఎద్దులు తోలుకొని చేనికి పోతుంటే వంకలో నరికి పారేశారు. ఓబులేసు కాస్త వెనకగా గట్టుమీద నడుస్తున్నాడు. అంతా కళ్ళారా చూశాడు.

"ఇద్దరే సామీ," అన్నాడు నాతో. "మారెన్న గొడ్డలితో మెడ మింద ఏసినాడు. సంజీవులు బరిసెతో పొడిచినాడు. నేను అరుచుకుంటా పోయేలోగా అయిపోయింది. నాయనా అని ఒగ మాటే అన్నాడు."

అలాంటి మనిషిని నేరుగా పోలీసు స్టేషనుకు తీసుకుపోవాలి. అక్కడ ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే దాన్ని ఎఫ్.ఐ.ఆర్. అంటారు. కేసు మొత్తానికి పునాది అదే, అందులో లేని పేరును తర్వాత చేర్చడం కష్టం. అందుకే మా వైపు ముందు వకీలు ఇంటికి తెచ్చేవాళ్ళు. ఒక పార్టీలో మనిషి పడిపోతే, అవతలి పార్టీలో తల ఉన్నవాళ్ళందరి పేర్లూ ముద్దాయిల్లో చేర్చడం ఆచారం. చంపింది ఎవరైనా సరే. వాళ్ళంతా నెలలకొద్దీ జైల్లో, ఆ తర్వాత వాయిదాల చుట్టూ తిరుగుతుంటే ఊళ్ళో వీళ్ళ మాట చెల్లుతుంది. చనిపోయిన పిల్లవాడు ఆ పొద్దునుంచి పార్టీ ఆస్తి అయిపోతాడు.

"ఏమప్పా గుమాస్తా, ఇద్దర్ని రాస్తే ఏం ఒరుగుతాది?" అన్నాడు మాజీ సర్పంచి. "చేసినోడు కూలోడు. చేపిచ్చినోడు ఇంట్లో కూచోనుండాడు." కొత్త సర్పంచిని ఏ-వన్, అంటే మొదటి ముద్దాయిగా పెట్టి వరసగా పేర్లు చెప్పుకుంటూ పోయాడు. ఓబులేసు చెప్పిన ఇద్దరితో కలిపి పదమూడు మంది అయ్యారు.

పేర్లు రాయడం పెద్ద పని కాదు. ఎవడు ఏ ఆయుధంతో ఎక్కడ కొట్టాడో కూడా రాయాలి. దీన్ని ఓవర్ట్ యాక్ట్ అంటారు. ప్రతి గాయానికీ ఒక మనిషి ఉండాలి. ప్రాణం తీసింది మెడమీది గొడ్డలి దెబ్బ కాబట్టి, అది ఎవరి పేరున పడితే వాడికి యావజ్జీవం ఖాయం. దాన్ని ఒక కూలివాడి మీద ఖర్చుపెట్టడం మాజీ సర్పంచికి ఇష్టం లేదు.

అప్పుడు నేనే పద్నాలుగో పేరు ఎత్తాను. ఆ ఊరి టైలర్ కొట్రప్ప. నాలుగు ముక్కలు చదువుకున్నవాడు, అవతలి పార్టీకి కాగితం పనులన్నీ చేసేవాడు. రెండేళ్ళ కిందట ఒక గట్టు తగాదాలో మాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పి, మా వకీలు క్రాసు ప్రశ్నలతో ఎంత తిప్పినా తొణక్కుండా నిలబడి, మా కేసు ఓడగొట్టాడు. ఆ కడుపుమంట నాలో ఉండిపోయింది.

"భలే చెప్తివి. గొడ్డలి వానికే ఇయ్యి," అన్నాడు మాజీ సర్పంచి.

స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఓబులేసు తలెత్తాడు. "కొట్రప్ప ఆడ లేడు సామీ. కొట్టింది మారెన్న."

"మారెన్న యాడికీ పోడన్నా. వాడూ ఉంటాడు, కాలు మింద దెబ్బ వానికి రాస్తాండా," అన్నాను. "నీ కొడుకును చంపినోళ్ళకు, చంపిచ్చినోళ్ళకు అందరికీ శిక్ష పడాల్నా, వద్దా?"

"పడాల సామీ. నాకు ఇంగేమీ వద్దు. అదొగటే కావాల."

"అట్లయితే నేను చెప్పినట్ల చెప్పు."

నేను ఫిర్యాదు రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన వేలిముద్ర వేశాడు. స్టేషనుకు వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడయింది.

ఆ తర్వాత రెండేళ్ళు వాయిదాలు. ఓబులేసు ఆ కేసులో పి.డబ్ల్యూ. వన్, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి. నిజానికి ఉన్న ఒకే ఒక్క ఐ విట్నెస్, కళ్ళతో చూసినవాడు. మిగతావాళ్ళను మేం తయారుచేశాం. అలాంటి సాక్షి అవతలి వకీలు ప్రశ్నలకు తడబడకూడదు కదా, అందుకు పాఠం చెబుతాం. వాయిదాకు వచ్చినప్పుడల్లా ఆయన సంగటి ముద్ద మూటను పక్కన పెట్టుకొని నా ముందు కూర్చునేవాడు. నేను అవతలి వకీలునై గద్దించేవాణ్ణి. గొడ్డలి ఎవరి చేతిలో ఉంది? ఏ చేత్తో ఎత్తాడు? నువ్వు ఎంత దూరంలో ఉన్నావు?

మొదట్లో ప్రతిసారీ గొడ్డలి మారెన్న చేతికే పోయేది. నేను విసుక్కునేవాణ్ణి. "నీ కొడుకు మింద నీకు పానం ల్యాదా అన్నా, ఇంత చిన్న మాట గుర్తు పెట్టుకోల్యావా?" అని ఒకసారి అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆయన కళ్ళు తుడుచుకొని, "ఇంగోసారి అడుగు సామీ," అన్నాడు.

ఆరో వాయిదాకో ఏడో వాయిదాకో తడబాటు పోయింది. ఆ తర్వాత ఒకరోజు, నేను అడక్కుండానే, "నీలం గళ్ళ సొక్కా ఏసుకోనుండ్య సామీ, కొట్రప్ప. గొడ్డలి ఎత్తేముందర అరచేతులకు మన్ను రుద్దుకున్యాడు," అన్నాడు.

చొక్కా సంగతి గానీ మన్ను సంగతి గానీ నేను నేర్పలేదు. నాకు పట్టరాని సంతోషం వేసింది. సాక్షి పక్వానికి వచ్చాడని మా వకీలుకు చెప్పాను. భయపడవలసిన చోట సంతోషపడ్డాను. అక్కడే మారెన్నను ఓబులేసు కళ్ళలోంచి నేను తీసేశానని నాకు తట్టలేదు.

1983లో అనంతపురం సెషన్స్ కోర్టులో విచారణ జరిగింది. ఓబులేసు గంటన్నరసేపు బోనులో నిలబడి ఒక్క మాట తప్పకుండా చెప్పాడు. జడ్జిగారు కూడా రాసుకుంటూ రాసుకుంటూ ఒకసారి తలెత్తి ఆయనను చూశారు. మరుసటి రోజు అవతలి వకీలు ఒక ఆసుపత్రి రిజిస్టరు తెప్పించాడు. నాగరాజు చనిపోయిన పొద్దునే కొట్రప్ప భార్యకు అనంతపురంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ భర్త పెట్టిన సంతకం ఉంది. డాక్టరమ్మ వచ్చి సాక్ష్యం చెప్పింది. అరవై మైళ్ళ దూరంలో ఉన్న మనిషి గొడ్డలి ఎత్తాడని చెప్పిన సాక్షి మిగతా పదమూడు మంది గురించి చెప్పింది ఎట్లా నమ్మాలి? ఎఫ్.ఐ.ఆర్. అంత ఆలస్యం ఎందుకయింది? బెనిఫిట్ ఆఫ్ డౌట్, అంటే అనుమానం వస్తే దాని లాభం ముద్దాయికే ఇవ్వాలి. పద్నాలుగు మందినీ వదిలేశారు. మారెన్న, సంజీవులు మెడలో దండలతో కోర్టు మెట్లు దిగారు.

తీర్పులో ఏం రాశారో తెలుగులో చెప్పమని ఓబులేసు నన్ను అడిగాడు. చెప్పాను. సంఘటన జరిగినప్పుడు ఈ సాక్షి అక్కడ ఉన్నాడని నమ్మడానికి వీల్లేదు అని రాశారు.

"నేను ఆడ లేనంటనా?" అన్నాడు. "నా తొడ మింద గదా సామీ వాడు పానం ఇడిసింది."

మాజీ సర్పంచి ఆయన భుజం తట్టి, "ఆసుపత్రిలో కాగితం పుట్టిచ్చేది ఎంతసేపప్పా. అంతా దొంగ రాతలు," అన్నాడు. కాగితాలు పుట్టించి బతికేవాళ్ళం కాబట్టి ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. ఆ రిజిస్టరు నిజమైనదని నాకు తెలుసు, కొట్రప్ప పేరు ఎత్తింది నేనే కదా. నోరు తెరవలేదు.

నెల తిరక్కుండానే ఓబులేసు పట్టపగలు కొట్రప్ప అంగట్లోకి పోయి, మిషన్ ముందు కూర్చున్నవాణ్ణి వేటకొడవలితో నరికి చంపాడు. తానే నడుచుకుంటూ పోయి స్టేషను మెట్ల మీద కూర్చున్నాడు. మాజీ సర్పంచి ఆ ఛాయలకు రాలేదు. ఆయన అప్పటికే పంచాయతీ సమితి ఎన్నికల కోసం కొత్త సర్పంచితో రాజీ మాటల్లో ఉన్నాడు. ఇద్దరి నడుమా రాయబారం నడిపేవాళ్ళలో మారెన్న ఒకడని తర్వాత తెలిసింది.

మా వకీలు వకాలత్ మీద వేలిముద్ర వేయించుకు రమ్మని నన్ను సబ్‌జైలుకు పంపాడు. వకాలత్ అంటే నా తరఫున ఈయన మాట్లాడతాడని ముద్దాయి ఇచ్చే కాగితం. ఓబులేసు నన్ను చూసి లేచి కమ్మీల దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, ఏడుపు లేదు. బాగా చిక్కిపోయి ఉన్నాడు.

"కొట్రప్ప నన్ను మామా అన్యాడు సామీ," అన్నాడు. "ఆ పొద్దు నాకు బిడ్డ పుట్టింది మామా, నేను ఆడ లేను మామా అని చేతులెత్తినాడు. అబద్దమాడతాండాడని ఏసినా. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఒగసారి కొట్రప్ప కనపడతాడు, ఒగసారి మారెన్న కనపడతాడు. గొడ్డలి ఇద్దరి చేతుల్లోనూ ఉంటాది. నాకేం తెల్డంల్యా. నువ్వు అంతా రాసుకున్నోడివి. నిజం చెప్పు సామీ, వాడు ఆడ ఉండ్యనా, ల్యాకుండ్యనా?"

నాగరాజు చనిపోయిన ఆ వంకను నేను చూసినవాణ్ణి కాదు, ఆ ఊరు కూడా చూసినవాణ్ణి కాదు. ఆయన కమ్మీలు పట్టుకొని నా ముఖంలోకి చూస్తున్నాడు.

"ఉండ్యన్నా," అన్నాను.

ఆయన తలూపాడు. వేలు చాచాడు, నేను సిరా పూశాను.

యావజ్జీవం పడింది. నేను ఆ ఏడే క్రిమినల్ పని మానేసి దస్తావేజులు రాసుకోవడంలోకి దిగాను. అది పశ్చాత్తాపమని చెప్పుకోను, వసారాలో కూర్చోలేక మానేశాను. సాక్షికి మనం నేర్పేది మాట ఒక్కటే అనుకునేవాణ్ణి. తిరిగి తిరిగి చెప్పిస్తే కళ్ళు చూసింది కూడా పోతుందని ఆ కేసు నాకు నేర్పింది. నాగరాజును చంపింది ఎవరో చూసినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కణ్ణీ నేను లేకుండా చేశాను.