తుమ్మల దారిలో తోడు

నా చిన్నప్పుడు మా ఊళ్లో గుండెజబ్బుకు తెలిసిన మందు ఒక్కటే, మంచం. గుండెపోటు వచ్చి బతికి బయటపడిన మనిషిని నులకమంచం మీద పడుకోబెట్టి, నేల మీద కాలు పెట్టనివ్వకుండా చూసుకోవడమే ప్రేమ అని అందరూ నమ్మేవారు. కోవిల్‌పట్టికి దగ్గర్లో, నల్లరేగడి చేల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. ఇంట్లో తెలుగు, ఊరు దాటితే తమిళం. తొంభైల చివర్లో, నేను ఆరో తరగతిలో చేరిన ఏడు, మా తాతయ్య పత్తిచేలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

మదురైలోని ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని పంపిస్తూ అక్కడి యువ వైద్యుడు చెప్పిన మాట మా వాళ్లెవరికీ మింగుడుపడలేదు. వెనకటి రోజుల్లో ఇలాంటి రోగులను వారాల తరబడి పడుకోబెట్టేవారనీ, దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలిందనీ, గుండె కూడా కండరమే కాబట్టి రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచితేనే ఒంటికి బలం తిరిగి వస్తుందనీ ఆయన ఓపికగా వివరించాడట. నడుస్తుండగా నొప్పి వస్తే వెంటనే కూర్చుని నాలుక కింద పెట్టుకోమని చిన్న మాత్రలు కూడా ఇచ్చాడు.

అసలు చిక్కు ఇంటికి వచ్చాక మొదలైంది. చూడడానికి సాత్తూరు నుంచి వచ్చిన మా మేనత్త మంచం పట్టె మీద కూర్చుని, "నడిచేదా? నిన్న మీసం మొలిచినోడు, వాడికేం తెలుసు! నాయనా, నువ్వు కాలు కింద పెట్టితివో, నేను ఈ ఇంటి గడప తొక్కను" అని కళ్లొత్తుకుంది.

తాతయ్యకు ఆ బెదిరింపు అవసరమే లేకపోయింది. పొగరుబోతు ఎడ్లను ఒంటిచేత్తో నిలవరించిన మనిషి, కుడిచేతి వేళ్లతో ఎడమ మణికట్టు పట్టుకుని, లోపల కొట్టుకుంటున్నదాన్ని కాపలా కాస్తూ పడుకునేవాడు. కాస్త వదిలితే అది పారిపోతుందేమో అన్నట్టు. పిక్కలు సన్నబడిపోయాయి. అవ్వ లేవమంటే గోడవైపు తిరిగేవాడు. మళ్లీ పరీక్షకు తీసుకెళ్లినప్పుడు వైద్యుడు అవ్వను పక్కకు పిలిచి, ఇలాగే మంచానికి అంటుకుపోతే మనిషి దక్కడం కష్టమని చెప్పాడు. ఆ సంగతి అవ్వ తాతయ్యకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున నాకు జడ వేస్తూ చెవి దగ్గరకు వంగింది. "పాపా, తాతకి నడిచేదానికి బయం. బయమని చెప్పుకునేదానికి సిగ్గు. తుమ్మల దారిలో ఒంటిగా పోయేదానికి నీకి బయమని చెప్పు. తోడు రమ్మను."

మా ఊరి నుంచి నేను బడికి బస్సెక్కే తారు రోడ్డు వరకు ఒక మట్టిదారి ఉండేది. దానికి రెండు వైపులా సర్కారు తుమ్మలు కమ్ముకుని ఉండేవి. ఆ దారంటే నాకు భయం లేదు సరికదా, ఆటస్థలంతో సమానం. అయినా తల ఊపాను. అవ్వ నా జామెట్రీ బాక్సు తెరిచి, కాంపస్ పక్కన మాత్రల రేకు ఒకటి పెట్టింది. "తాత నెంజు నొప్పని రొమ్ము పట్టుకుంటే కూర్చోబెట్టి నాలిక కింద పెట్టు. ఇది నీకాడ ఉండాదని చెప్పొద్దు."

నేను మంచం దగ్గరకు వెళ్లి అవ్వ చెప్పమన్నదే చెప్పాను. గోడవైపు తిరుగుతాడనుకున్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా లేచి కూర్చుని, మంచం కింద కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాడు.

మొదటి రోజు నీళ్ల ట్యాంకు వరకే. "ఈడ నిలబడి చూస్తా ఉంటా, పో" అన్నాడు. కొన్నాళ్లకు అగ్గిపుల్లలు ఎండబోసే కళ్లం వరకు, మరికొన్నాళ్లకు దారి మధ్యలోని కల్వర్టు దాటి వచ్చాడు. భయం నటించడంలో నేను కొంచెం అతి చేసేదాన్ని. ఒకసారి తొండ కదిలితే కేకవేసి ఆయన పంచె పట్టుకున్నాను. "తొండకే ఇట్లా ఎగిరితే నువ్వు చదివి కలెక్టరయ్యేదెట్లా!" అని ఎగతాళి చేశాడు. సైకిలు మీద పోయే ఊరివాళ్లు "ఏమి మామా, ఇస్కూల్లో చేరితివా?" అని అడిగితే, "పోయిన తడవ ఫెయిలయితిని గదరా" అనేవాడు. ఆ మాట విన్న రోజు నా సంచి ఎంతో తేలికగా అనిపించింది.

ఒక పొద్దున వాన వెలిశాక బయల్దేరాం. తడిసిన నల్లమట్టి చెప్పులకు ముద్దలుగా అంటుకుంటుందని ఇద్దరం చెప్పులు చేత్తో పట్టుకున్నాం. కల్వర్టు దగ్గర తాతయ్య "అమ్మా!" అంటూ ఒక్కసారిగా ముందుకు వంగి పిట్టగోడ మీద కూలబడ్డాడు. గబగబా సంచి విప్పాను. బాక్సు తెరిచేసరికి స్కేలు, కోణమానిని బురదలో పడ్డాయి. రేకు చింపి మాత్ర చేతిలోకి తీసుకున్నాను.

"తాతా, నోరు తెరు! నాలిక కింద!"

ఆయన నా చేతివైపు, ముఖంవైపు చూశాడు. అరికాలు పైకెత్తి చూపించాడు. "ముల్లే పాపా. తుమ్మముల్లు." ఆపైన, "ఈ మాత్తిర నీకాడికెట్లా వచ్చె?" అన్నాడు.

నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. "అవ్వ ఇచ్చె. నీకి నడిచేదానికి బయమంట. అందుకే నాకి బయమని చెప్పమనె."

తాతయ్య భుజాలు కదిలేలా నవ్వాడు. "నాకాడ ఏం చెప్పె తెలుసునా మీ అవ్వ? బిడ్డకి ఆ దారంటే బయం, తోడు లేకపోతే చదువు నిలిచిపోతాది అని చెప్పె."

"మరి నీకి బయం లేదా?"

"లేకేమి, ఉండె. నువ్వు తొండకి ఎగిరినప్పుడు మాత్రం గుర్తుకు రాలా."

నా కాంపస్ మొనతో ముల్లు తీసుకున్నాడు. మాత్రను మళ్లీ రేకులో చుట్టి నా బాక్సులోనే పెట్టాడు. "అవ్వకి చెప్పొద్దు" అన్నాడు. మర్నాడు అవ్వ జడ వేస్తుండగా నేను "తాతా, నాకి బయం" అన్నాను. "ఈ పిల్లకి ఇంకా బయం పోలా" అని ఆయన గొణుక్కుంటూ లేచాడు. నా తల మీద దువ్వెన ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

రెండువేల సంవత్సరం దాటాక, విరుదునగర్ కళాశాలకు నేను మొదటిసారి బస్సెక్కిన రోజున కూడా తాతయ్య ఆ తారు రోడ్డు దాకా నడిచి వచ్చాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషినైన నా వెనుక ఆ దారి ఉంది.

ఈమధ్య నా భర్తకు గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఛాతీ కోయకుండా మణికట్టు దగ్గర చిన్న రంధ్రం గుండానే పని పూర్తయింది. మర్నాడే నర్సు వచ్చి నడవమంది. వైద్యం అంత దూరం వచ్చింది. ఆయన మాత్రం మంచం దిగలేదు. మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. భయపడవద్దని చెప్పబోయి ఆగాను.

"ఈ వరండాలో ఒక్కదాన్నే వెళ్లాలంటే నాకు భయంగా ఉంది. కాస్త తోడు వస్తారా?" అన్నాను.

ఆయన కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూశారు. తర్వాత మంచం కింద కాళ్లతో చెప్పులు వెతుక్కున్నారు.